ఖాళీ ఉన్నా చోటు లేదన్న డిస్కు

నా మొదటి ఉద్యోగం ఆదిభట్లలో. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. బొంగులూరు దగ్గర ఎటు చూసినా వెంచర్ల రంగుజెండాలే. పొద్దున్నే ఆఫీసు బస్సులు నగరం నుంచి నిండుగా వచ్చేవి, సాయంత్రం నిండుగా తిరిగి వెళ్ళేవి. నాకు ఆ బస్సులతో పనిలేదు. మాది ఇబ్రహీంపట్నం. మా జట్టులో ఎదురు దిక్కు నుంచి వచ్చేది నేనొక్కదాన్నే. బాపు, అంటే మా నాన్న, స్కూటరు మీద బస్టాండులో దింపేవాడు, బస్సెక్కి బొంగులూరు గేటు దగ్గర దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో పోయేదాన్ని. ఆటోలో చున్నీ ఒక చేత్తో, లాప్‌టాప్ సంచి ఒక చేత్తో పట్టుకుంటే నన్ను నేను పట్టుకోవడానికి చెయ్యి మిగిలేది కాదు.

ఇంటర్వ్యూ చేసిన మేడం నా దరఖాస్తు చూసి, "ఇబ్రహీంపట్నమా? మా విజయవాడ పక్కనున్నదేనా?" అని ముందుకు వంగారు.

"కాదు మేడం, ఇక్కడిదే. ఆటోల పోతే అర్ధగంట."

"అయ్యో, మా ఊరమ్మాయి దొరికిందనుకున్నాను," అంటూ మళ్ళీ వెనక్కి ఆనుకున్నారు. ఆమెది కృష్ణా జిల్లా. పెళ్ళై వచ్చి బడంగ్‌పేటలో స్థిరపడ్డారు. ఊరు వేరైనా ఉద్యోగం మాత్రం ఇచ్చారు. తరవాత మూడేళ్ళు ఆమే నా పై అధికారి.

మా జట్టు చేసే పని ఇంట్లో చెప్పడం కష్టంగా ఉండేది. పెద్ద పెద్ద సంస్థలు తమ ఫైళ్ళు దాచుకునే పెట్టెల్లాంటి యంత్రాలుంటాయి. ఏ ఫైలు డిస్కు మీద ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, కొత్తగా వచ్చిన ఫైలుకు చోటు చూపించే కోడ్‌ను ఫైల్ సిస్టం అంటారు. మా పని ఆ కోడ్‌లో తప్పులు వెతికి సరిచేయడం. అమ్మ చుట్టుపక్కల వాళ్ళకు "మా బిడ్డ కంప్యూటర్ల సర్దుతది" అని చెప్పేది. ఆ మాట ఎంత సరైందో నాకు అప్పట్లో తెలియలేదు, కాస్త నామోషీగా ఉండేది.

మొదటి ఏడాది నాది టెస్టింగ్ పనే, వేరేవాళ్ళు మార్చిన కోడ్‌ను నడిపి చూడడం. ఏడాది దాటాక మేడం నన్ను పిలిచి ఒక పాత ఫిర్యాదు చేతిలో పెట్టారు. ఎక్కడో ఒక టీవీ ఛానెల్ వాళ్ళు మా యంత్రంలో వీడియోలు దాచుకుంటారు. వారం పది రోజులకోసారి అది ఇక చోటు లేదని మొరాయిస్తుంది. చూస్తే డిస్కు సగం కూడా నిండి ఉండదు. యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే మామూలైపోతుంది. రెండేళ్ళుగా మా వాళ్ళు ఇస్తున్న జవాబు అదే: ఆపండి, మొదలుపెట్టండి.

"దీన్ని ముగ్గురు చూశారమ్మా," అన్నారు మేడం. "ఎవరికీ మన దగ్గర అలా జరిగి కనిపించలేదు. కనిపించని దాన్ని ఏం బాగుచేస్తాం? నువ్వు ఒకసారి చూడు. దొరక్కపోయినా ఎవరూ ఏమీ అనరు."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. దొరకదని ముందే నమ్మి ఇచ్చినట్టుంది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దొరకబట్టి తీరాలనుకున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, డిస్కును సమానమైన గళ్ళుగా విభజిస్తారు. వాటిని మేము బ్లాకులంటాం. ఎవరైనా ఫైలు రాయబోతే, రాత మొదలవకముందే ఫైల్ సిస్టం దానికి ఎన్ని బ్లాకులు పట్టవచ్చో లెక్కవేసి అన్నీ పక్కకు తీసి పెడుతుంది. మధ్యలో చోటు చాలక ఆగిపోకుండా ఆ జాగ్రత్త. రాత ఏ కారణం చేతనైనా మధ్యలో ఆగిపోతే, వాడని బ్లాకులు తిరిగి అందరివీ కావాలి. ఛానెల్ యంత్రంలో ఎక్కడో పక్కకు తీసినవి తిరిగి రావడం లేదు. ఎవరూ వాడకపోయినా ఎవరికీ అందనివిగా పోగవుతున్నాయి. ఆ పక్కన పెట్టిన చిట్టా యంత్రం ఆగితే చెరిగిపోతుంది కాబట్టి, ఆపి మొదలుపెడితే బాగవుతోంది. ఇంతవరకూ నా ముందు చూసిన ముగ్గురూ ఊహించారు. ఎప్పుడు, ఎందుకు అన్నదే తెలియలేదు.

నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. ఫైలు రాయడం మొదలుపెట్టి, మధ్యలో తన చెయ్యి తానే పట్టుకుని ఆపేస్తుంది. మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ ఆపేస్తుంది. రోజంతా నడిపాను. ఒక్క బ్లాకు కూడా తగ్గలేదు. పెద్ద ఫైళ్ళతో నడిపాను, చిన్న ఫైళ్ళతో నడిపాను, పది ఒకేసారి నడిపాను. మూడు వారాలు గడిచాయి. మేడం నా బల్ల పక్కనుంచి పోతూ ఏమీ అడిగేవారు కాదు. అడగకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

దొరకడం మాత్రం నా తెలివి వల్ల కాదు. ఏ ఫైలు ఏ పరీక్షలోదో కలగాపులగమైపోతోందని, ప్రతి ఫైలు మొదట్లో పరీక్ష నంబరు ఒక వరుస రాసేలా మార్చాను. నోటుపుస్తకం మీద పేరు రాసుకున్నట్టన్న మాట. ప్రోగ్రాం నడుస్తుండగా క్యాంటీనుకు పోయి పులిహోర తిని వచ్చాను. వచ్చి చూస్తే తెర మీద ఎర్ర అక్షరాలు. చోటు లేదట. డిస్కు చూస్తే దాదాపు ఖాళీ.

నేను అరవలేదు కానీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అటు పోతున్న మేడం ఆగారు.

"ఏమైంది?"

"నిండింది మేడం. ఖాళీగనే ఉంది గని నిండింది."

ఆమె నా కుర్చీలో కూర్చుని తెర వైపు కొంతసేపు చూశారు. "ఇంకోసారి నడుపు," అన్నారు. నడిపాను. మళ్ళీ నిండింది. "శభాష్," అని మెల్లగా అన్నారు. ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

నంబరు రాసినందుకే ఎందుకు పట్టుబడిందన్నది ఆ మధ్యాహ్నమే తేలింది. అంతకుముందు నా ప్రోగ్రాం చక్కగా, ప్రతిసారీ బ్లాకు మొదటి నుంచే రాసేది. నంబరు ముందుకొచ్చేసరికి అసలు రాత బ్లాకు మధ్య నుంచి మొదలైంది. రాసే సరుకు ఒక బ్లాకంతే అయినా, మధ్య నుంచి మొదలైతే సగం ఒక బ్లాకులో, సగం తరవాతి బ్లాకులో పడుతుంది. అంటే రెండు బ్లాకులు కావాలి. తీసి పెట్టే కోడ్‌కు ఈ సంగతి తెలుసు, అది రెండు తీసి పెట్టింది. తిరిగిచ్చే కోడ్ రాసినవాళ్ళు సరుకు పొడవు మాత్రమే చూసి ఒక్కటే తిరిగిచ్చేలా రాశారు. రెండోది గాల్లో ఉండిపోయింది. ఛానెల్‌లో ఎడిటింగ్ చేసేవాళ్ళు వీడియో తయారవుతుండగా నచ్చక ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం రోజూ చేసే పనే. ఆపినప్పుడల్లా ఒకటి పోయేది.

తప్పు రెండు వరుసల్లో ఉంది. నేనూ రెండు వరుసల్లోనే సరిచేశాను. ఇలాంటి సవరణను మేము ప్యాచ్ అంటాం. రాత ఆగిన చోటు ఏ బ్లాకులో ఉందో అక్కడి నుంచి చివరి బ్లాకు దాకా అన్నీ తిరిగి ఇచ్చేయమన్నాను. పరీక్షలన్నీ పాసయ్యాయి. మేడం చదివి సరేనన్నారు. శుక్రవారం కస్టమరుకు పంపుదామన్నారు. అది బుధవారం. ఆ సాయంత్రం షేర్ ఆటోలో నాకు రెండు చేతులూ సరిపోయాయి.

బాపు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నా చిన్నప్పుడు బాపు సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. భూములకు ధరలు వచ్చి ఊళ్ళో పెళ్ళిళ్ళు పెద్దవైనాక, ఆ హాలు యజమాని కుర్చీలు పీకించి, నేలకు బండలు పరిపించి దాన్ని ఫంక్షన్ హాలు చేశాడు. బాపు గేటు దగ్గర నుంచి లోపలికి వచ్చి మేనేజరయ్యాడు. తారీఖుల డైరీ ఆయన చేతిలో ఉండేది. అడిగిపోయినవాళ్ళ పేరు పెన్సిలుతో, ఖాయం చేసుకున్నవాళ్ళ పేరు పెన్నుతో రాసేవాడు. ముహూర్తాల నెలల్లో ఆ డైరీ ఇంట్లో పళ్ళెం పక్కన కూడా ఉండేది.

ఆ సాయంత్రం నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి బాపు అరుగు మీద టీ తాగుతున్నాడు.

"ఏందే, గంత ఖుషీగున్నవ్?"

"రెండేండ్ల సంది ఎవ్వరికీ దొరకని తప్పు నేను పట్టిన బాపూ."

"ఏం తప్పు?"

ఎప్పటిలా కంప్యూటరు తప్పని చెప్పి లేచిపోయేదాన్నే. ఆ రోజు సంతోషం ఎక్కువై కూర్చున్నాను. బ్లాకులంటే ఎలా చెప్పాలా అని చూస్తే పక్కనే డైరీ కనిపించింది.

"ఒకలు వచ్చి, ఇయ్యాల సాయంత్రం సంది రేపు సాయంత్రం దాంక హాలు కావాలంటరు. ఎన్ని దినాలు?"

"ఒక్క దినమే. గని డైరీల రెండు తారీఖులు పోతయ్."

"వాళ్ళు వద్దనుకుంటే?"

"రెండు చెరిపేస్తం."

"మా దాంట్ల ఒక్కటే చెరుపుతుండె. ఒక్క దినమే గదా అని."

బాపు నవ్వాడు. "గట్లయితే హాలు ఖాళీగుంటది, డైరీ నిండుగుంటది. వచ్చినోళ్ళను ఉత్తగనే వాపస్ పంపుతరు."

"గదే బాపూ. గదే తప్పు."

"గింత దానికి రెండేండ్లు పట్టిందా మీ ఆఫీసోళ్ళకు?"

నాకు కొంచెం కోపం వచ్చినా, అర్థమైనందుకు ముచ్చటేసింది. ఇంట్లో నా పని ఒకరికి అర్థం కావడం అదే మొదటిసారి. టీ గ్లాసు తీసుకుని లేవబోయాను.

"జర ఆగు," అన్నాడు బాపు. "మరి నువ్వేం జేసినవ్?"

"ఎక్కడ ఆగిందో ఆడికెళ్ళి ఆఖరి దాంక అన్ని తారీఖులు చెరపమన్న."

"సగం అయినంక ఆపితే?"

"సగమేంది?"

"సాయంత్రం రిసెప్షన్ నడుస్తుంది. మంది లోపల తింటున్నరు. గప్పుడు వచ్చి, రేపటి పూజ వద్దు అన్నరు. ఇయ్యాల్టి తారీఖు గూడ చెరుపుతవా?"

"ఎందుకు చెరుపుత?"

"నువ్వే గదా అంటున్నవ్, ఆగిన కాడికెళ్ళి అని. ఆగింది ఇయ్యాలనే గదా."

"డిస్కుకు రిసెప్షన్‌లు ఉండయ్ బాపూ," అని లోపలికి పోయాను.

ఆయన బయటి నుంచే అన్నాడు, నన్ను ఆపడానికి కాదు, ఆయనకు అది గుర్తొచ్చి. "నేను కొత్తగ చేరినప్పుడు గట్లనే ఒకసారి చెరిపిన. లోపల బువ్వలు నడుస్తుంటే బయట ఇంకో పెళ్ళోళ్ళ బారాత్ వచ్చి నిలవడ్డది. రెండు బ్యాండ్లు ఒక్కటే గేటు కాడ. నా మొకం యాడ పెట్టుకోవాల్నో తెల్వలే."

వంటింట్లో గ్లాసు కడుగుతున్నాను. అమ్మ ఏదో అడుగుతోంది, నాకు వినపడలేదు. నల్లా కట్టేసి నేరుగా ముందు గదిలోకి పోయి, బాపు తెచ్చిన మోడల్ పెళ్ళికార్డుల కట్టలోంచి ఒకటి తీసి దాని వెనక గళ్ళు గీశాను. రాత బ్లాకు మధ్యలో మొదలైంది. కొంచెం సరుకు లోపల పడింది. ఆ తరవాత ఆగింది. ఆగిన చోటు మొదటి బ్లాకులోనే ఉంది, అందులో సరుకూ ఉంది. నా రెండు వరుసలు ఆ బ్లాకును కూడా ఖాళీ అని తిరిగి ఇచ్చేస్తాయి. లోపల మంది తింటున్నారు, డైరీలో తారీఖు ఖాళీ.

పాత తప్పు వల్ల ఉన్న చోటు లేదనేది. విసుగు తప్ప నష్టం లేదు. నా సవరణ వల్ల లేని చోటు ఉందంటుంది. ఒకే చోటును ఇద్దరికి మాటిస్తుంది. ఇద్దరికీ మీ ఫైలు భద్రం అని చెబుతుంది. నిజంగా డిస్కు నిండిన రోజున ఒకరిది పోతుంది. పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదంటే, ఖాళీ డిస్కు మీద నడిపాం కాబట్టి. ఖాళీ హాళ్ళు పది ఉంటే రెండు బ్యాండ్లు గేటు దగ్గర ఎందుకు కలుస్తాయి?

మర్నాడు పొద్దున మొదటి బస్సు ఎక్కాను. దాచడం దేనికి, మంగళ్‌పల్లి దాటాక నాకొక వంకర ఆలోచన వచ్చింది. పరీక్షలు పాసయ్యాయి, మేడం సరేనన్నారు, ఇది బయటపడాలంటే డిస్కు పూర్తిగా నిండాలి, అప్పటికి ఎన్నాళ్ళవుతుందో. శుక్రవారం పంపేసి, నెమ్మదిగా ఇంకో సవరణ అని చెప్పి కలిపేయవచ్చు. ఎవరికీ తెలియదు. తెలిస్తే మళ్ళీ నన్ను పాత టెస్టింగ్ పనికి పంపేస్తారేమో. బొంగులూరు గేటు వచ్చేదాకా ఆ ఆలోచన నాతోనే ఉంది. దిగేటప్పుడు, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదని బాపు అన్న మాట గుర్తొచ్చింది. ఆటో ఎక్కాను.

మేడం తన బల్ల దగ్గర డబ్బా తెరిచి ఉప్మా తింటున్నారు.

"నా ప్యాచ్ వాపస్ తీసుకుంట మేడం. తప్పుంది."

చెంచా ఆగింది. "పరీక్షలన్నీ పాసయ్యాయిగా?"

"డిస్కు నిండుగున్నప్పుడు చూడలే."

పెళ్ళికార్డు తీసి ముందు పెట్టి, బాపు చెప్పిన రెండు బ్యాండ్ల సంగతి చెప్పాను. ఆమె వెనక గీసిన గళ్ళు చూశారు, తిప్పి ముందున్న వినాయకుణ్ణి చూశారు, మళ్ళీ గళ్ళు చూశారు.

"నేను కూడా సరేనన్నాను కదమ్మా," అన్నారు చివరికి. "నాకూ కనపడలేదు. సరే, కార్డు మీద కాదు, యంత్రం మీద చూపించు."

డిస్కును ముందే అంచు దాకా నింపి, రెండు ప్రోగ్రాములు ఒకేసారి రాసేలా పరీక్ష మార్చాను. ఒకటి మధ్యమధ్యలో ఆగుతుంది, ఇంకొకటి రాస్తూనే ఉంటుంది. టీ వేళకు ముందే తేలిపోయింది. ఫైలు భద్రం అంది ఫైల్ సిస్టం. తెరిచి చూస్తే చివర మొత్తం సున్నాలు. మేడం ఆ సున్నాల వరుసను వేలితో చూపిస్తూ, "ఇది ఎవరిదో పెళ్ళి వీడియో అయ్యుండేది," అన్నారు. ఛానెల్‌లో పెళ్ళి వీడియోలుండవని చెప్పబోయి ఊరుకున్నాను.

సరైన సవరణకు రెండు వరుసలు చాలలేదు. ఏమీ రాయకముందే ఆగితే అన్నీ తిరిగి ఇవ్వాలి. కొంచెమైనా రాశాక ఆగితే, ఆ కొంచెం ఉన్న బ్లాకును వదిలి, తరవాతి బ్లాకు నుంచి ఇవ్వాలి. మొత్తం ఏడు వరుసలైంది. మేడం పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో వరుసకూ "ఇలా అయితే?" "అలా అయితే?" అని అడిగారు. శుక్రవారం పంపలేదు. సోమవారం దాకా నిండిన డిస్కు మీద పరీక్షలు నడిపాం.

ఆ సోమవారమే విదేశంలోని పెద్ద జట్టుతో ఫోను సమావేశం. ఇలాంటివి ఎప్పుడూ మేడమే మాట్లాడేవారు. ఆ రోజు ఫోను నా వైపు జరిపి, "నువ్వే చెప్పు," అన్నారు. నా ఇంగ్లీషు ఇంటర్వ్యూ దాకా కూడగట్టుకున్నది, అంతకుమించి పరుగెత్తేది కాదు. అయినా చెప్పాను. మొదటి సవరణ ఎందుకు తప్పో కూడా చెప్పాను. అవతల ఒకాయన, పరీక్షల్లో దొరకనిది నీకెలా తట్టింది అని అడిగాడు.

"మా నాన్న పెళ్ళిళ్ళ హాలు మేనేజరు," అన్నాను ఇంగ్లీషులో.

అవతలాయన ఏ హాలని మళ్ళీ అడిగాడు. మేడం ఫోను ముందుకు వంగి, రెండు బ్యాండ్లు ఒకే గేటు దగ్గరికి వచ్చిన సంగతి కృష్ణ గట్టు మీద కథ చెప్పినట్టు తీరిగ్గా చెప్పారు. నేను ఆమెకు చెప్పిన దానికన్నా రెండు గుర్రాలు ఎక్కువ వచ్చాయి. అవతల నవ్వులు వినపడ్డాయి.

కోడ్ మార్చినప్పుడల్లా కింద ఒక చిన్న వివరణ రాస్తాం. మార్చినవారి పేరు, చూసినవారి పేరు, తప్పు పట్టి చెప్పినవారి పేరు. మూడో చోట ఏం రాయాలని మేడంను అడిగాను.

"ఎవరు పట్టారు?"

"బాపు మేడం. గని బాపుకు కోడ్ రాదు."

"తప్పు పట్టిన వాళ్ళ పేరు రాయమంది కానీ, కోడ్ వచ్చిన వాళ్ళ పేరని లేదుగా. రాయి."

రాశాను. నా పేరు కింద మేడం పేరు, దాని కింద బాపు పేరు, ఇంగ్లీషులో. ఆ ఏడు వరుసలతో పాటు అది కస్టమరుకు పోయింది. ఛానెల్ నుంచి మెచ్చుకుంటూ ఉత్తరమేమీ రాలేదు. ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు, అంతే. ఒక నెల చూశాక మేడం దాన్ని మూసేశారు. తరవాత నాకు వచ్చిన పనుల్లో, దొరక్కపోయినా పరవాలేదన్న మాట ఆమె ఎప్పుడూ అనలేదు.

లాప్‌టాప్ ఇంటికి తెచ్చిన రోజు బాపుకు ఆ పేజీ చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరగా చూశాడు. అమ్మ కూడా వెనక నిలబడి చూసింది.

"గిది ఎవరు చూస్తరు?"

"ఎవ్వరూ చూడరు బాపూ. గీ కోడ్ మార్చేటోళ్ళు ఎప్పుడన్న చూస్తరు."

"ఎన్ని దినాలుంటది?"

"గా కోడ్ ఉన్నన్ని దినాలు ఉంటది."

తల ఊపాడు. ఇంకోసారి చదివాడు, ఈసారి అక్షరం అక్షరం, పెదవులు కదుపుతూ. తరవాత కళ్ళద్దాలు తీశాడు.

"ఒక అక్షరం తక్కువుంది. రేషన్ కార్డుల ఇంగ్లీషుల నా పేరు చివర 'ఏ' రెండుసార్లుంటది."

అది నిజం. చిన్నప్పటి నుంచి నా సర్టిఫికెట్లన్నిటిలో ఉన్నదాన్నే తొందరలో తప్పు రాశాను. ఒకసారి కలిసిపోయిన వివరణను మార్చడం కుదరదని, మార్చాలంటే ఆ తరవాత పనిచేసిన అందరి పనీ మళ్ళీ పేర్చాలని చెప్పాను. బాపు నమ్మలేదు. తన డైరీలో అయితే చెరిపి రాయవచ్చన్నాడు. తరవాత రెండు మూడేళ్ళు, మా ఇంటికి ఎవరు వచ్చినా, తన పేరు ఫారిన్ కంప్యూటర్లలో ఉన్నదని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ, గని స్పెల్లింగ్ తప్పు పడ్డది అని నా వైపు చూసేవాడు.